సిస్టర్ ‘ఆగండి సార్’ అనగలిగే ఐసీయూ

ఐసీయూలో ఉన్న ఒక మనిషికి 24 గంటల్లో ఎన్ని పనులు చేస్తారో కూర్చొని లెక్కపెట్టినవాళ్లు ఉన్నారు. ఇజ్రాయెల్‌లోని ఒక ఆసుపత్రి ఐసీయూలో మంచాల పక్కన నిలబడి, రాత్రీ పగలూ చూస్తూ ప్రతి పనీ రాసుకున్నారు. ఇంజెక్షన్ ఇవ్వడం, రక్తం తీయడం, గొంతులో చేరిన కఫం మెషీన్‌తో లాగడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం, సెలైన్ మార్చడం, వెంటిలేటర్ అంకెలు సరిచూడడం. ఒక్కో పేషెంట్‌కి సగటున రోజుకి 178 పనులు తేలాయి. పొరపాట్లు 1.7 తేలాయి. 1995లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

అంటే వందకి తొంభై తొమ్మిది పనులు సరిగ్గానే జరిగాయి. ఏ ఆఫీసులోనైనా అంత జాగ్రత్తగా పనిచేసే మనిషిని నెత్తిన పెట్టుకుంటారు. ఐసీయూలో మాత్రం ఆ మిగిలిన ఒక్క శాతమే మంచానికి రోజుకి దాదాపు రెండు పొరపాట్లుగా మారుతుంది. అదే అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది. జాగ్రత్తగా చదవాల్సింది అదే. డాక్టరు, నర్సు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొత్తం పనుల్లో 2 శాతమే. పొరపాట్లలో 37 శాతం మాత్రం ఆ మాటల దగ్గరే పుట్టాయి.

ఐసీయూ భద్రత అనగానే కొత్త మానిటర్లు, ఖరీదైన పంపులు గుర్తొస్తాయి. అవి అవసరమే. కానీ గత పాతికేళ్లలో ఐసీయూల్లో ప్రాణాలు కాపాడిన మార్పుల్ని వెతుక్కుంటూ వెళ్తే, చాలాసార్లు తేలేది ఒకే ప్రశ్న: అక్కడ పనిచేసేవాళ్లలో చిన్నవాళ్లు పెద్దవాళ్లని ఆపగలుగుతున్నారా?

మామూలు వార్డులో పేషెంట్ తన కాపలా తానే కాసుకుంటాడు. ‘అమ్మా, ఇది నేను వేసుకునే బిళ్ల కాదు, నాది తెల్లగా ఉంటుంది’ అంటాడు. ‘పెన్సిలిన్ నాకు పడదండీ’ అంటాడు. ఐసీయూలో ఆయన గొంతులో పైపు ఉంటుంది, మత్తులో ఉంటాడు. పేరు అడిగినా చెప్పలేడు. పొరపాటు మనిషిని చేరే ముందు ఉండే చివరి తనిఖీ అక్కడ లేదు. పైగా ఆ శరీరంలో తట్టుకునే శక్తి మిగిలి ఉండదు. ఆరోగ్యవంతుడికి నాలుగు రోజుల జ్వరంతో పోయే ఇన్ఫెక్షన్ ఇక్కడ కిడ్నీల్ని, బీపీని పడేస్తుంది. కాబట్టి పేషెంట్ నోరు చేయాల్సిన పని ఇంకెవరో చేయాలి.

ఈ విషయం బాగా తేలిన చోటు సెంట్రల్ లైన్. ఐసీయూ బయట కూర్చున్న బంధువులకి ‘మెడ దగ్గర పైపు వేశారు’ అని చెప్పేది దీని గురించే. మెడలోనో, కాలర్ ఎముక కిందో, తొడ దగ్గరో ఉన్న పెద్ద సిరలోకి సన్నటి గొట్టం పంపి, దాని కొన గుండెకి దారితీసే పెద్ద సిరలో ఉండేలా పెడతారు. బీపీ నిలబెట్టే నారడ్రినలిన్ లాంటి ఘాటైన మందులు చేతి నరంలోకి ఎక్కువసేపు పంపలేరు కాబట్టి ఈ దారి కావాలి. చర్మం మీది సూక్ష్మజీవులకి కూడా ఇదే రాచబాట. ఒక్కసారి గొట్టం మీద అవి స్థిరపడ్డాయంటే నేరుగా రక్తంలోకే వెళ్తాయి.

అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో పీటర్ ప్రోనొవోస్ట్ అనే ఐసీయూ డాక్టరు 2001లో ఈ ఒక్క పని మీద కూర్చున్నారు. లైన్ వేసేటప్పుడు చేయాల్సినవి వైద్య పుస్తకాలన్నీ చెప్పేవే: చేతులు శుభ్రం చేసుకోవాలి, పేషెంట్ చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే ద్రావణంతో తుడవాలి, తల నుంచి పాదాల దాకా స్టెరైల్ గుడ్డ కప్పాలి, వేసేవాళ్లు టోపీ, మాస్కు, గౌను, గ్లవ్స్ వేసుకోవాలి, వీలైనంత వరకు తొడ దగ్గర వేయకూడదు, అవసరం తీరగానే తీసేయాలి. మొదటి సంవత్సరం హౌస్ సర్జన్‌కి కూడా తెలిసినవే. అందుకే చాలామంది డాక్టర్లకి ఇదంతా చిన్నపిల్లల పాఠంలా కనిపించింది.

ఆయన మొదట ఎవరినీ సరిదిద్దలేదు. నెల రోజులు డాక్టర్లని గమనించి రాయమని నర్సులకి చెప్పారు. మూడో వంతుకి పైగా పేషెంట్ల విషయంలో కనీసం ఒక్క మెట్టు తప్పిపోతోందని తేలింది. అప్పుడు రెండో అడుగు వేశారు. ఏ మెట్టు తప్పినా, డాక్టరు ఎంత పెద్దవాడైనా, ఆపే అధికారం నర్సుకి ఉందని ఆసుపత్రి యాజమాన్యం చేత చెప్పించారు. ఆపినందుకు డాక్టరు కోప్పడితే పైవాళ్లు నర్సు వైపు నిలబడతారని కూడా ముందే తేల్చారు. ఇంకో చిన్న పని చేశారు. లైన్ వేయడానికి కావాల్సినవి తలా ఒక చోట ఉండేవి. గౌను ఒక అలమరలో, గుడ్డ ఇంకో గదిలో, ద్రావణం మరో చోట. వాటన్నిటినీ ఒకే బండిలో సర్దించారు.

ఈ బండి సంగతి చిన్నదిగా అనిపించవచ్చు. అర్ధరాత్రి రెండు గంటలకి ఆ గదిలో నిలబడినట్టు ఊహించుకుంటే దాని విలువ తెలుస్తుంది. పేషెంట్ బీపీ 70కి పడిపోయింది. డ్యూటీ డాక్టరు పొద్దున్నుంచి నిలబడే ఉన్నాడు. పెద్ద స్టెరైల్ గుడ్డ కావాలంటే కారిడార్ చివరి స్టోర్‌కి వెళ్లాలి, తాళం ఇంకొకరి దగ్గర ఉంది. చిన్న గుడ్డ చేతికి అందేంత దూరంలో ఉంది. అతను చిన్న గుడ్డే తీసుకుంటాడు. అతను చెడ్డవాడు కావడం వల్లో, చదువు రాకపోవడం వల్లో కాదు. ఆ క్షణంలో సరైన పని దూరంగానూ, తప్పు పని దగ్గరగానూ ఉంది. బండి వచ్చాక సరైన పని దగ్గరైంది. పక్కన నిలబడిన సిస్టర్ ‘ఒక్క నిమిషం ఆగండి సార్, కాళ్ల దాకా కప్పలేదు’ అనగలిగింది.

ఆ ఐసీయూలో లైన్ ఇన్ఫెక్షన్లు దాదాపు సున్నాకి వచ్చాయి. 43 ఇన్ఫెక్షన్లు, 8 మరణాలు తప్పాయని వాళ్లు లెక్కకట్టారు. పేరున్న ఆసుపత్రిలో, పేరున్న డాక్టరు దగ్గరుండి చేయిస్తే జరగదా అని అప్పట్లో అనుమానించినవాళ్లు లేకపోలేదు. అందుకే మిషిగన్ రాష్ట్రం ముఖ్యం. అక్కడ 2003లో మొదలైన పథకంలో చిన్నవీ పెద్దవీ కలిసి వందకి పైగా ఐసీయూలు చేరాయి. 103 ఐసీయూల లెక్కలు 2006 డిసెంబర్‌లో ప్రచురించారు. లైన్ ఇన్ఫెక్షన్లని ‘లైన్-రోజుల’తో కొలుస్తారు. 100 మందికి పదేసి రోజులు లైన్ ఉంటే అది 1000 లైన్-రోజులు. ప్రతి 1000 లైన్-రోజులకి సగటున 7.7 ఉన్న ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరకి 1.4కి దిగాయి. మూడేళ్ల తర్వాత చూసినా మళ్లీ పెరగలేదు. కొత్త మందు లేదు, కొత్త మెషీన్ లేదు.

అక్కడి నుంచి కథ ప్రపంచమంతా పాకింది. పాకేటప్పుడు కురచైపోయింది కూడా. ‘ఒక కాగితం మీద అయిదు గళ్లు పెట్టి టిక్ కొట్టిస్తే చాలు’ అన్నట్టు వార్త వెళ్లింది. ఇంగ్లండ్ 2009లో ‘మ్యాచింగ్ మిషిగన్’ అని దేశవ్యాప్త పథకం పెట్టింది. అక్కడ ఇన్ఫెక్షన్లు తగ్గాయి. కానీ పథకంలో ఇంకా చేరని ఐసీయూల్లో కూడా అప్పటికే తగ్గుతూ ఉన్నాయి, కాబట్టి ఆ ఘనత పథకానిదే అని చెప్పలేకపోయారు. దగ్గరుండి గమనించిన పరిశోధకులకి తెలిసిందేమిటంటే, కొన్ని చోట్ల దాన్ని పైనుంచి ఊడిపడిన ఇంకో ప్రభుత్వ ఫారంగానే చూశారు. బ్రెజిల్‌లో 118 ఐసీయూల్లో రోజువారీ చెక్‌లిస్ట్‌తో చేసిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2016లో వచ్చాయి. మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఊపిరితిత్తులకి హాని తగ్గించేలా వెంటిలేటర్ పెట్టడం, మత్తు తగ్గించడం లాంటి కొన్ని అలవాట్లు మెరుగయ్యాయి, అంతే.

మిషిగన్‌లో కాగితం వెనక ఉన్నవి వేరు. ప్రతి ఐసీయూకి ఒక డాక్టరు, ఒక నర్సు నాయకులుగా ఉన్నారు. ఆసుపత్రి పెద్దల్లో ఒకరు ఐసీయూకి వచ్చి, స్టాఫ్ చెప్పిన కొరతలు విని, తీర్చాలి. క్లోర్‌హెక్సిడిన్ లేని చోట్ల అలాగే తెప్పించారు. ప్రతి నెలా తమ ఐసీయూ అంకె తమకి కనిపించేది. అంతకన్నా విలువైనది, స్టాఫ్‌ని అడిగిన రెండు ప్రశ్నలు: మన ఐసీయూలో తర్వాతి పేషెంట్‌కి హాని ఎలా జరగవచ్చని నీకు అనిపిస్తోంది? అది జరగకుండా ఏం చేయవచ్చు? ఈ ప్రశ్నలు ఊడ్చే మనిషిని అడిగినా జవాబు వస్తుంది. ‘నాలుగో బెడ్ దగ్గర చేతులకి రాసుకునే మందు సీసా ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది సార్’ అని ఆమెకే తెలుస్తుంది.

మన దేశంలో ఈ సంగతి అమెరికాలో కన్నా బరువైనది. 2017 మే నుంచి 2018 అక్టోబర్ దాకా మన దేశంలో 26 ఆసుపత్రుల్లోని 89 ఐసీయూలు ఒకే పద్ధతిలో లెక్కలు రాశాయి. లైన్ ఇన్ఫెక్షన్లు అన్నిటికన్నా ఎక్కువ కనిపించింది నవజాత శిశువుల ఐసీయూల్లో, 1000 లైన్-రోజులకి 20కి పైగా. రక్తంలో ఎక్కువగా దొరికిన సూక్ష్మజీవి క్లెబ్‌సియెల్లా. ఆ క్లెబ్‌సియెల్లా ఇన్ఫెక్షన్లలో 72 శాతానికి కార్బపెనెమ్ అనే గట్టి యాంటీబయాటిక్ మందులు పనిచేయడం లేదు. ఐసీయూ బిల్లు చూసినవాళ్లకి మెరోపెనెమ్ పేరు తెలిసే ఉంటుంది. అది ఆ కుటుంబానికే చెందిన మందు. అది పనిచేయకపోతే మిగిలేవి కోలిస్టిన్ లాంటివి, వాటితో కిడ్నీలకి దెబ్బ తగలవచ్చు. అమెరికాలో ఇన్ఫెక్షన్ వస్తే వైద్యం చేయడానికి దారులున్నాయి. ఇక్కడ చాలాసార్లు రాకుండా చూసుకోవడమే మనకున్న దారి. ఒక ఇన్ఫెక్షన్ అంటే ఇంకో పది రోజుల ఐసీయూ. బంగారం తాకట్టు పెట్టి, ఎకరం అమ్ముకొని వైద్యం చేయించే ఇళ్లకి ఆ పది రోజులంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మందుల దగ్గరికి వద్దాం, ఎందుకంటే పొరపాటు ఎంత సులువుగా పుడుతుందో ఇక్కడ కళ్లకి కనిపిస్తుంది. ఇన్సులిన్ తీసుకుందాం. మన దేశంలో ఇన్సులిన్ వయల్స్ రెండు బలాల్లో దొరుకుతాయి. ఒకటి మిల్లీలీటరుకి 40 యూనిట్లు, ఇంకొకటి 100 యూనిట్లు. సిరంజిలు కూడా వేరు. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి ఆరెంజ్ మూత. ఐసీయూలో షుగర్ అదుపుకి చాలా చోట్ల 50 యూనిట్లు 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి సిరంజ్ పంప్‌లో పెడతారు. 40 వయల్ అయితే 1.25 మిల్లీలీటర్లు తీయాలి. 100 వయల్ అయితే అర మిల్లీలీటరు. రోజూ 40తో పనిచేసే సిస్టర్‌కి 1.25 అన్నది చేతికి అలవాటైపోయి ఉంటుంది. ఒకరోజు ఫార్మసీ నుంచి 100 వయల్ వచ్చింది, ఆమె దృష్టి లేబుల్ మీదికి పోలేదు. అదే 1.25 తీస్తే 125 యూనిట్లు వెళ్తాయి. రెండున్నర రెట్లు. మెలకువగా ఉన్నవాడికి షుగర్ పడిపోతే చెమటలు పడతాయి, వణుకుతాడు, ‘ఏదోలా ఉంది’ అంటాడు. మత్తులో, వెంటిలేటర్ మీద ఉన్న మనిషి ఏమీ అనడు.

ఇక్కడ ‘జాగ్రత్తగా ఉండండి’ అని బోర్డు రాసి పెడితే పని జరగదు. ఐసీయూలో ఒకే బలం ఉన్న వయల్ మాత్రమే ఉంచితే జరుగుతుంది. కలిపేటప్పుడు రెండో సిస్టర్ వయల్ చేతిలోకి తీసుకొని పైకి చదివితే జరుగుతుంది. సంతకం కోసం తల ఊపడం వేరు, వయల్ తిప్పి చదవడం వేరు.

పొటాషియం క్లోరైడ్ సంగతీ అంతే. 10 మిల్లీలీటర్ల ఆంపుల్. చూడడానికి నీళ్లలాగే ఉంటుంది, పక్కనే ఉండే స్టెరైల్ వాటర్ ఆంపుల్ కూడా అలాగే ఉంటుంది. పలచన చేయకుండా ఒక్కసారిగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగుతుంది. దీన్ని మామూలు వార్డుల్లో ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏళ్లుగా చెబుతోంది. ఐసీయూలో అది లేకుండా కుదరదు. కాబట్టి వేరే డ్రాయర్, తాళం, మీద పెద్ద అక్షరాలు, ఇద్దరి తనిఖీ. చేతిరాత కూడా ప్రాణం తీయగలదు. 5.0 అని రాస్తే చుక్క కనపడక 50 అవుతుంది. ‘యూనిట్’కి బదులు ఇంగ్లిష్ ‘యు’ అక్షరం రాస్తే సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది. 5 అనే రాయాలి, యూనిట్లు అని పూర్తిగా రాయాలి. ఖర్చులేని పని.

పొరపాటు జరిగాక ఏం చేస్తున్నామన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2017లో అమెరికాలో నాష్‌విల్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఒక నర్సు స్కానింగ్‌కి వెళ్తున్న పేషెంట్‌కి భయం తగ్గించే మందు తీసుకోవాల్సి వచ్చింది. మందుల మెషీన్‌లో బ్రాండ్ పేరులోని మొదటి రెండు అక్షరాలు కొట్టింది. అవే అక్షరాలతో మొదలయ్యే వేరే మందు బయటికి వచ్చింది. అది కండరాలన్నిటినీ స్తంభింపజేసే వెక్యూరోనియం. మూత మీద హెచ్చరిక ఉంది, తీసుకోవాల్సిన మందు ద్రవం, ఇది పొడి, అదీ తేడానే. ఆమె గమనించలేదు. పేషెంట్ చనిపోయారు. నర్సు తన తప్పు తనే చెప్పింది. 2022లో కోర్టు ఆమెని నేరస్థురాలిగా తేల్చింది.

ఆమె తప్పు చిన్నదని ఎవరూ అనలేరు. కానీ రెండక్షరాలకే అంత ప్రమాదకరమైన మందు చేతికిచ్చిన మెషీన్ సంగతి? కనీసం అయిదు అక్షరాలు కొడితేనే మందు పేరు చూపించాలని మందుల భద్రత నిపుణులు ఆ తర్వాత సూచించారు. ఒక మనిషికి శిక్ష పడితే ఆ మనిషి ఒక్కరే ఆ ఐసీయూలోంచి పోతారు, మెషీన్ అలాగే ఉంటుంది. ఇంకో నష్టం కూడా ఉంది. ఆ తీర్పు విన్న ప్రతి నర్సూ, తర్వాతిసారి చిన్న పొరపాటు చేసినప్పుడు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తుంది. మన దగ్గర చూస్తే, పేషెంట్‌కి ఏదైనా అయిందంటే ‘వైద్యుల నిర్లక్ష్యం’ అని టీవీలో స్క్రోలింగ్, గేటు దగ్గర గొడవ, సాయంత్రానికి ఒక స్టాఫ్ నర్సు సస్పెన్షన్. బంధువుల బాధ నిజమైనది, జవాబు అడిగే హక్కు వాళ్లకి పూర్తిగా ఉంది. కానీ ఆ సస్పెన్షన్ జవాబు కాదు. ఆ రాత్రి ఆమె ఎంతమంది పేషెంట్లని చూస్తోంది, ఎన్ని గంటల నుంచి డ్యూటీలో ఉంది అన్నది అడిగితేనే జవాబు దొరుకుతుంది. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌కి ఒక నర్సు అన్నది మన దేశంలోనూ ఒప్పుకున్న ప్రమాణమే. రాత్రి షిఫ్ట్‌లో ముగ్గురు నలుగురిని ఒక్కరే చూసుకునే చోట ‘నర్సు ఆపాలి’ అని చెప్పడం అన్యాయం. పక్క మంచం దగ్గర ఉన్న మనిషి ఈ మంచం దగ్గర ఎవరిని ఆపుతుంది?

డ్యూటీ గంటల విషయంలో కూడా ఇలాంటి పాఠమే ఉంది. 24 గంటలకి మించిన డ్యూటీలు చేసిన జూనియర్ డాక్టర్లు ఐసీయూలో 36 శాతం ఎక్కువ తీవ్రమైన పొరపాట్లు చేశారని 2004లో బోస్టన్ అధ్యయనం ఒకటి చూపించింది. నిద్ర లేకపోతే ఎవరికైనా అంతే. అయితే పిల్లల ఐసీయూలు ఆరింటిలో డ్యూటీలు తగ్గించి చూస్తే పొరపాట్లు పెరిగాయని 2020లో అచ్చయిన అధ్యయనం తేల్చింది. కారణం వెతికితే, గంటలు తగ్గించారు గానీ మనుషుల్ని పెంచలేదు, ఒక్కో డాక్టరు మీద పేషెంట్లు పెరిగారు. గంటలూ తలలూ రెండూ లెక్కపెట్టకపోతే సంస్కరణ కూడా హాని చేయగలదు.

అలారాల గురించి కూడా చెప్పుకోవాలి. ఐసీయూలో అడుగుపెట్టిన బంధువుకి ముందు టెన్షన్ పెట్టేది ఆ మోతే. ఇంత మోగుతుంటే ఎవరూ పరిగెత్తరేం అనిపిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 77 పడకల్లో ఒక్క నెలలో 25 లక్షలకి పైగా అలారాలు నమోదయ్యాయి. వాటిలో చెవికి వినపడేవి పడకకి రోజుకి 187. గుండె లయ తప్పిందంటూ మోగినవాటిలో పన్నెండు వేలకి పైగా పరిశీలిస్తే దాదాపు 89 శాతం ఉత్తుత్తివే. ‘నాన్నా, పులి’ కథలో నాన్న రాకపోవడానికి ఎవరిని తప్పుపడతాం? ప్రతి పేషెంట్‌కి తగ్గట్టు హద్దులు మార్చి పెట్టడం, ఛాతీ మీది ఈసీజీ స్టిక్కర్లు రోజూ మార్చడం లాంటి చిన్న పనులతో ఈ మోత బాగా తగ్గుతుంది. తగ్గినప్పుడే నిజంగా పులి వచ్చిన కేక వినపడుతుంది.

మళ్లీ మాటల దగ్గరికే వస్తున్నాం. జాన్స్ హాప్‌కిన్స్‌లోనే రౌండ్స్ అయిపోయాక జూనియర్ డాక్టర్లని, నర్సుల్ని ఒక ప్రశ్న అడిగారు: ఈరోజు ఈ పేషెంట్‌కి మనం సాధించాల్సినది ఏమిటి? పదిమందిలో ఒక్కరికి కూడా స్పష్టంగా తెలియలేదు. అందరూ రౌండ్స్‌లో నిలబడినవాళ్లే. అప్పటి నుంచి మంచం దగ్గర ఒక కాగితం పెట్టి, ఈరోజు చేయాల్సినవి రౌండ్స్‌లోనే రాయడం మొదలుపెట్టారు: వెంటిలేటర్ తగ్గించాలా, మత్తు ఆపి చూడాలా, ఏ లైన్ తీసేయవచ్చు, ఇంటివాళ్లకి ఎవరు చెబుతారు. 95 శాతానికి పైగా స్టాఫ్‌కి లక్ష్యం తెలిసింది. ఐసీయూలో ఉండే రోజులు సగటున 2.2 నుంచి 1.1కి తగ్గాయి. 2003లో వచ్చిన లెక్క ఇది. మన ఐసీయూల్లో రౌండ్స్ తరచుగా ఇంగ్లిష్‌లో, సీనియర్ డాక్టరుకి జూనియర్ అప్పజెప్పే పాఠంలా నడుస్తాయి. సిస్టర్ ఫైల్ పట్టుకొని వెనక నిలబడుతుంది. ఆ రోజంతా పేషెంట్ పక్కన ఉండేది ఆమె. ఆమె ఒక్క మాట మాట్లాడకుండా రౌండ్స్ ముగిశాయంటే అవి సగమే అయినట్టు.

ఈ మాటల వలయంలో బయట గాజు తలుపు దగ్గర నిలబడినవాళ్లు కూడా ఉన్నారు. 2001లో అదే జాన్స్ హాప్‌కిన్స్‌లో జోసీ కింగ్ అనే 18 నెలల పాప చనిపోయింది. వేడి నీళ్లతో కాలి వచ్చిన పాప, ఐసీయూ దాటి కోలుకుంటోంది, ఇంకో రెండు రోజుల్లో ఇంటికి వెళ్లాల్సింది. స్నానం చేయించేటప్పుడు తడిగుడ్డని ఆత్రంగా చప్పరిస్తోందని తల్లి గమనించింది, దాహంగా ఉందని చెప్పింది. మామూలే అన్నారు. ఒంట్లో నీళ్లు తగ్గిపోవడం, దానికి తోడు ఇవ్వకూడని మత్తుమందు ఇవ్వడంతో పాప ప్రాణం పోయింది. ఆసుపత్రి తప్పు ఒప్పుకుంది. వచ్చిన పరిహారంతో ఆ తల్లిదండ్రులు పేషెంట్ల భద్రత కోసం ఒక సంస్థ పెట్టారు. ఆ తల్లి మాటలు విన్న పిట్స్‌బర్గ్ ఆసుపత్రి ఒకటి 2005లో ఇంటివాళ్లే ఫోన్ చేసి అత్యవసర డాక్టర్ల బృందాన్ని పిలిపించుకునే ఏర్పాటు చేసింది.

లండన్‌లో 2021లో మార్తా అనే 13 ఏళ్ల అమ్మాయి సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతటినీ దెబ్బతీయడంతో, పోయింది. పరిస్థితి దిగజారుతోందని తల్లిదండ్రులు చెబుతూనే ఉన్నారు, ఐసీయూకి మార్చలేదు. ముందే మార్చి ఉంటే బహుశా బతికేదని విచారణలో తేలింది. 2024లో ఇంగ్లండ్‌లో 143 ఆసుపత్రుల్లో ‘మార్తా రూల్’ మొదలైంది. చూస్తున్న డాక్టర్ల మాట నమ్మకం కలిగించకపోతే, వేరే నిపుణుల బృందం వచ్చి చూడాలని ఇంటివాళ్లు ఎప్పుడైనా అడగవచ్చు. మన దగ్గర ఇంటివాళ్లు గట్టిగా అడిగితే అది గొడవ కిందే లెక్క. డాక్టరుకి కోపం వస్తే లోపల ఉన్న మనిషిని సరిగ్గా చూడరేమో అన్న భయం వేరే. కుటుంబం మాట వినడానికి ఒక నంబరు, ఒక మనిషి ఉంటే ఆ భయమూ తగ్గుతుంది, గేటు దగ్గరి గొడవా తగ్గుతుంది.

చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. పేషెంట్ ఇంట్లో వాడే మందుల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి లోపల ఇవ్వవచ్చు. ఏ మందు పడదో కాగితం మీద రాసి ఇవ్వవచ్చు. రోజూ డాక్టరు బయటికి వచ్చి మాట్లాడే ఆ అయిదు నిమిషాల్లో ‘ఎలా ఉంది డాక్టర్‌గారూ’ అన్న ప్రశ్నతో పాటు ఇంకోటి అడగవచ్చు: ‘మా నాన్నకి వేసిన పైపుల్లో ఈరోజు తీసేయగలిగేది ఏదైనా ఉందాండీ?’ లైన్ ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్‌కి ఇంకో అవకాశం. వేసిన రోజు అందరికీ గుర్తుంటుంది. బీపీ మందు ఆగిపోయి రెండు రోజులైనా, ‘ఉండనీలే, రక్తం తీయడానికి వీలుగా ఉంది’ అని వదిలేయడమే ఎక్కువ.

అయిదో రోజు పొద్దున రౌండ్స్‌లో ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. ‘సార్, నిన్న మధ్యాహ్నం నుంచి నారడ్రినలిన్ లేదు. చేతికి క్యాన్యులా బాగానే ఉంది. మెడ లైన్ ఇంకా కావాలా?’ సార్ మానిటర్ వంక చూసి, తీసేయమంటారు. మంచం తల వైపు కిందికి దించుతారు. గొట్టం వచ్చేటప్పుడు సిరలోకి గాలి పోకుండా ఊపిరి బిగపట్టమంటారు. రెండు కుట్లు కత్తిరించి, మెల్లగా లాగి, గాజ్ గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుంటారు. రక్తం ఆగాక గాలి చొరకుండా డ్రెస్సింగ్ అంటిస్తారు. సిస్టర్ గడియారం చూసి, కేస్ షీట్‌లో లైన్ తీసిన టైమ్ రాస్తుంది.